వేడెక్కితే వెనక బ్రేకు పట్టేస్తోంది, చల్లారితే మామూలే

దుమ్ముదారి:
పొద్దున బండి తీస్తే అంతా బాగుంటుంది. కాసేపు ట్రాఫిక్‌లో తిరిగేసరికి వెనక పెడల్ రాయిలా బిగుసుకుపోతుంది, ఎక్సలరేటర్ తిప్పినా బండి లాగదు. డిస్క్ మీద నీళ్లు చల్లితే చుర్రుమంటోంది. నీడలో పెట్టి ఆగితే చక్రం మళ్లీ హాయిగా తిరుగుతుంది. మెకానిక్ ప్యాడ్లు మార్చాడు, బ్రేక్ ఆయిల్ మార్చి ఎయిర్ తీశాడు. ఇప్పుడు ప్యాడ్లను డిస్క్‌కి నొక్కే క్యాలిపర్ మొత్తం మార్చాలంటున్నాడు. డబ్బు పెట్టేముందు ఒక మాట అడుగుదామని.

ఒంటిచక్రం:
క్యాలిపర్ పిస్టన్ తుప్పు పట్టి ఉంటుంది బ్రో. క్యాలిపర్ అటూఇటూ జరిగే స్లైడ్ పిన్నులు కూడా విప్పి చూడండి, ఎండిపోయినా ఇలాగే పట్టేస్తుంది.

గ్రీజుచేతులు:
పిన్నులు చూడటం మంచిదే. కానీ అవి పట్టేస్తే చల్లగా ఉన్నప్పుడూ ఎంతో కొంత రాపిడి తెలుస్తుంది. ఇక్కడ చల్లారగానే వదిలేస్తోంది, పైగా పెడల్ గట్టిపడుతోంది. నా అనుమానం మాస్టర్ సిలిండర్ వైపు, అంటే పెడల్ నొక్కితే ఆయిల్‌ని క్యాలిపర్‌కి తోసేది. ఈమధ్య పెడల్ ఎత్తు ఎవరైనా మార్చారా?

దుమ్ముదారి:
మార్చారన్నా. బూటుకి ఎత్తుగా ఉందంటే స్టాపర్ బోల్టు తిప్పి కిందికి దించారు. దానికీ దీనికీ సంబంధమా?

గ్రీజుచేతులు:
సంబంధమంతా అక్కడే ఉండొచ్చు. ఆయిల్ డబ్బా నుంచి మాస్టర్ సిలిండర్‌లోకి దిగే చోట సూదిమొనంత రంధ్రం ఒకటుంటుంది. పెడల్ వదిలాక సిలిండర్ లోపలి పిస్టన్ పూర్తిగా వెనక్కొస్తేనే అది తెరుచుకుంటుంది, వేడికి ఉబ్బిన ఆయిల్ అందులోంచే డబ్బాలోకి పోతుంది. స్టాపర్‌తో పెడల్ దించి, ఆ పిస్టన్‌ని నెట్టే పుష్‌రాడ్ పొడవు తగ్గించకపోతే, మీరు కాలు పెట్టకపోయినా పిస్టన్ కాస్త లోపలికి నొక్కుకునే ఉంటుంది. రంధ్రం మూత పడుతుంది, ఉబ్బిన ఆయిల్‌కి దారి లేక ప్యాడ్లను నెడుతుంది, రాపిడికి వేడి ఇంకా పెరుగుతుంది.

ఈసారి పట్టేసినప్పుడు డిస్క్‌కి చెయ్యి తగలకుండా పుష్‌రాడ్ లాక్‌నట్ వదులు చేసి, రాడ్ పొట్టి అయ్యేలా కొద్దిగా తిప్పండి. చక్రం వదిలేస్తే దొంగ దొరికినట్టే. వదలకపోతే క్యాలిపర్ మీద ఎయిర్ తీసే బ్లీడ్ నిపుల్‌కి ట్యూబు తగిలించి రవ్వంత తెరవండి. అప్పుడు వదిలిందా, ఆ రంధ్రంలో చెత్త అయినా ఉండాలి, లేదా క్యాలిపర్‌కి ఆయిల్ తెచ్చే హోస్ లోపల ఉబ్బి మూసుకుపోయి ఉండాలి. నిపుల్ తెరిచినా వదలకపోతేనే క్యాలిపర్ సంగతి. కళ్లద్దాలు పెట్టుకోండి. ఆయిల్ పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లు పోయండి.

దుమ్ముదారి:
అన్నా, లాక్‌నట్ వదిలి రాడ్ కొంచెం తిప్పగానే టక్కుమని వదిలేసింది! నిపుల్ జోలికి పోనేలేదు.

గ్రీజుచేతులు:
మరింకేం. ఇప్పుడు పిస్టన్ కదిలేముందు పెడల్‌కి కొద్దిగా ప్లే (ఉత్తి కదలిక) ఉండేలా పెట్టి లాక్‌నట్ బిగించండి. ఎంతన్నది మీ బండి మాన్యువల్‌లో ఉంటుంది. డబ్బా మూత తీసి పెడల్ చేత్తో మెల్లగా నొక్కండి, మొదట్లోనే ఆయిల్ మీద చిన్న అల లేస్తే రంధ్రం తెరుచుకుందన్నమాట. ఆయిల్ కూడా ఒకసారి మార్చేయండి. కొత్త డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ మరిగే హద్దు కనీసం 230 డిగ్రీలు, తేమ పీల్చుకున్నాక 155కి పడిపోవచ్చు. మీ డిస్క్ ఎంత వేడెక్కిందో ఎవరు చూశారు? ప్యాడ్లు అద్దంలా మెరుస్తుంటే అవీ పోయినట్టే.

ఒంటిచక్రం:
పెడల్ ఎత్తు మారింది కాబట్టి బ్రేక్ లైట్ స్విచ్ కూడా సరిచేసుకోండి. కాలు పెట్టకుండానే లైటు వెలుగుతూ ఉంటే వెనకొచ్చేవాడికి తెలిసి చావదు.