కేక్ స్టాండ్ ఒక్కటే కొనాలంటే: గాజు మూతదా, పిడి ఉన్న క్యారియరా?

కృష్ణలంక_ఆడపడుచు:
అందరికీ నమస్కారం. మాది విజయవాడ. అమ్మానాన్నల 40వ పెళ్లిరోజు మే నెలలో గుంటూరులో చేస్తున్నాం. కేక్ నేనే చేసి కార్లో తీసుకెళ్లాలి. 8 అంగుళాల గుండ్రటి కేక్, మీద బటర్‌క్రీమ్ (వెన్న, పంచదార కలిపి గిలకొట్టిన క్రీమ్) పూలు. బడ్జెట్ 2,000 లోపు. షాపులో మూడు రకాలు చూశాను. ఒకటి అకేషియా చెక్క పళ్లెం మీద గాజు మూత. రెండోది ప్లాస్టిక్ క్యారియర్, పక్కల క్లిప్పులు, పైన పిడి. మూడోది ఆరు పనులకి పనికొస్తుందని అమ్ముతున్నారు, మూత తిరగేస్తే సలాడ్ గిన్నె అవుతుందట. మా ఆయనేమో "మోసుకెళ్లడానికొకటి, టేబుల్ మీద పెట్టడానికొకటి ఎందుకు, రెండూ చేసేది చూసి కొను" అంటున్నారు. అలాంటిది నిజంగా ఉందా? వాడినవాళ్లు చెప్పండి.

ఉక్కునగరం_బేకర్:
క్యారియరే తీసుకోండి. విశాఖలో ఇంట్లోనే కేకులు చేసి అమ్ముతాను కాబట్టి గట్టిగా చెబుతున్నా. గాజు మూత పళ్లెం మీద ఊరికే కూర్చుని ఉంటుంది. దాన్ని కదలకుండా ఉంచేది దాని బరువొక్కటే. స్పీడ్ బ్రేకర్ దగ్గర కారు ఎగిరిందంటే మూత ఒక పక్కకి జరిగి అంచు క్రీమ్‌కి తగులుతుంది. కింద కాలున్న స్టాండ్ అయితే మరీ కష్టం. బరువంతా పైన, ఆధారం సన్నగా కింద. మలుపులో ఒరుగుతుంది.

అయితే క్యారియర్ కొనేటప్పుడు డబ్బా మీద రాసిన కొలత చూసి తెచ్చేసుకోవద్దు. చాలావాటి మీద ఉండేది బయటి కొలత. మీ 8 అంగుళాల కేక్ కింద 10 అంగుళాల బోర్డు వేస్తారు కదా, లోపల అడుగు సమంగా ఉన్న భాగమే 10 దాటి ఉండాలి. ఎత్తు కూడా అంతే. కేక్ 4 అంగుళాలు, పైన పూలు ఇంకో అంగుళం, బోర్డు మందం అర అంగుళం. మూత లోపలి ఎత్తు 6 అంగుళాలైనా లేకపోతే మూత దించగానే పూల కొనలు నలుగుతాయి. ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. చాలా మూతలు పైకి పోయేకొద్దీ సన్నబడతాయి. అడుగున 11 ఉండి పైన 9 ఉంటే ఒక్క కుదుపుకి కేక్ పై అంచు గోడకి రాసుకుంటుంది. షాపుకి టేపు పట్టుకెళ్లి మూత పైభాగంలో కూడా పెట్టి చూడండి.

గోదారి_గట్టు:
బేకర్ గారూ, దారి గురించి మీరు చెప్పింది నిజమే. కానీ ఆ దారి గంట, గంటన్నర. ఆ తర్వాత ఆ వస్తువు ఏళ్లపాటు ఇంట్లో ఉంటుంది కదా. మా రాజమండ్రి ఇంట్లో గాజు మూత స్టాండ్ డైనింగ్ టేబుల్ మీద ఎప్పుడూ ఉంటుంది. టీ కేకో, అరటిపండు కేకో, క్రిస్మస్ రోజుల్లో ప్లమ్ కేకో దాని కింద ఉంటే ఈగ వాలదు, ఆరిపోదు, ఎంత మిగిలిందో కనిపిస్తుంది. వచ్చినవాళ్లు అడగకుండానే ముక్క కోసి పెట్టొచ్చు. ప్లాస్టిక్ మూత కొన్నాళ్లకి గీతలు పడి మసకబారుతుంది, వాసన కూడా పట్టేస్తుంది. 40 ఏళ్ల కాపురాన్ని పండగ చేసుకునే రోజున టిఫిన్ డబ్బా లాంటిది తెచ్చి టేబుల్ మధ్యలో పెడతారా చెల్లీ? అట్ట పెట్టెలో మోసుకెళ్లు, అక్కడ స్టాండ్ మీద పెట్టు. మోయడం వేరు, వడ్డించడం వేరు. రెండూ ఒకదానితో చేయాలనుకోవడం దగ్గరే చిక్కంతా.

ఓరుగల్లు_పిల్ల:
అక్కా, అట్ట పెట్టె మాట నేను ఒప్పుకోను. ఫ్రిజ్‌లో రాత్రంతా ఉన్న అట్ట తేమ పీల్చి మెత్తబడుతుంది. చల్లటి కేక్‌తో బయటికి తీసినంక అడుగు కుంగుతుంది. మేము హన్మకొండలో బండి మీదే తిరుగుతాం. పెట్టె కాళ్ల దగ్గర పెట్టుకున్నప్పుడు మధ్యలో వంగితే కేక్ మధ్యలో పగులుతుంది.

ఇంకోటి, అక్కడికి పోయి స్టాండ్ మీదికి మార్చడం అంత తేలిక కాదు. గాజు మూత స్టాండ్లలో చాలావాటికి పళ్లెం అంచు చుట్టూ మూత కూర్చోవడానికి గాడి ఉంటది. బోర్డుతో సహా కేక్ పెడితే బోర్డు అంచు ఆ గాడి మీద పడి మూత సగంలోనే ఆగిపోతుంది. బోర్డు తీసేసి ఉత్త కేక్ ఎత్తి పెట్టాలంటే చేతులు వణుకుతాయి. కాబట్టి స్టాండ్ కొన్నా సరే, గాడి లోపల ఎంత జాగా ఉందో చూడాలి, పళ్లెం మొత్తం కొలత కాదు.

డాలస్_వదిన:
ఇక్కడ పాట్‌లక్‌లకి (తలా ఒక వంటకం తెచ్చుకునే విందులకి) క్యారియర్ లేకుండా కదలం కాబట్టి రెండు మాటలు. అమెరికా సైట్లలో క్యారియర్ల మీద మెచ్చుకోళ్లు చదివి తెప్పించుకునేవాళ్లు, ఆ రాసినవాళ్లు ఏ కేక్ మోశారో చూడండి. బండ్ట్ పాన్‌ను, అంటే మధ్యలో రంధ్రం ఉండే గుండ్రటి కేక్ అచ్చుని, 1950లో మిన్నెసోటాలోని నార్డిక్ వేర్ వాళ్లు తెచ్చారు. తర్వాత్తర్వాత ఆ కేక్ ఇక్కడ ఇంటింటి కేక్ అయింది. దాని మీద క్రీమ్ ఉండదు, సన్నగా గ్లేజ్ పోస్తారు. మూత కొంచెం తగిలినా ఏమీ కాదు. బటర్‌క్రీమ్ పూలున్న కేక్‌కి ఆ భరోసా సరిపోదు.

రెండోది పిడి. పిడి పట్టుకుని ఎత్తినప్పుడు కేక్, బోర్డు, అడుగు పళ్లెం, ఈ బరువంతా వేలాడేది క్లిప్పుల మీదే. రెండు క్లిప్పులున్నదాన్ని ఒక పక్క నుంచి ఎత్తి చూడండి, ఎదురు పక్క అంచు కొంచెం విడుతుంది. నాలుగు పక్కలా క్లిప్పులున్నది తీసుకోండి. అప్పుడు కూడా ఒక చేయి పిడి మీద, ఇంకో చేయి అడుగున. షాపులోనే అందులో రెండు కిలోల బియ్యం ప్యాకెట్ పెట్టి ఎత్తి చూపించమనండి. సిగ్గుపడొద్దు.

ఉక్కునగరం_బేకర్:
గట్టు గారూ, మసకబారుతుందన్నది ఒప్పుకుంటాను. పీచుతో తోమకుండా మెత్తటి స్పాంజితో కడిగితే చాలాకాలం బాగుంటుంది. మూత అక్రిలిక్‌దైతే శానిటైజర్, స్పిరిట్ లాంటివి అసలు తగలనివ్వకండి, సన్నటి పగుళ్లు వస్తాయి. మీ చెక్క పళ్లేనికీ జాగ్రత్తలు తక్కువేం కాదు. నీళ్లలో నానబెట్టకూడదు, కడగగానే తుడిచి ఆరబెట్టాలి, అప్పుడప్పుడూ నూనె పట్టించాలి.

అసలు తేడా ఫ్రిజ్ దగ్గరుంది. కాలు, మూత, పైన గుండీ కలిపి గాజు స్టాండ్ ఎత్తు చాలా ఫ్రిజ్‌ల్లో ఒక అర తీసేస్తే తప్ప పట్టదు. క్యారియర్ పడుతుంది. మూసిన క్యారియర్‌నే ఫ్రిజ్‌లో పెట్టి, మూసే బయటికి తెస్తే నీటి బొట్లు ప్లాస్టిక్ బయటి వైపు పడతాయి. మూత తీసి ఉన్న చల్లటి కేక్‌కి మా సముద్రపు గాలి తగిలితే ఆ బొట్లన్నీ కేక్ మీదే. రంగు వేసిన పూలైతే రంగు కారుతుంది. ఇందులో గాజుకీ ప్లాస్టిక్‌కీ తేడా లేదు, కానీ ఫ్రిజ్‌లో పట్టేది, దారిలో మూతపడి ఉండేది క్యారియరే కదా.

గోదారి_గట్టు:
ఫ్రిజ్ సంగతి మీరన్నట్టే. క్రీమ్ కేకులు చేసేవాళ్లకి నా స్టాండ్ సరిపోదు, ఆ మాట ముందే చెప్పాల్సింది. కానీ వేడివేడి కేక్‌ని మూత కింద పెట్టొద్దని కూడా చెప్పండి. ఆవిరి మూతకి పట్టి చుక్కలు చుక్కలుగా కేక్ మీద పడుతుంది, పైపొర జిగటగా అవుతుంది. పూర్తిగా చల్లారాకే మూత, అది గాజుదైనా ప్లాస్టిక్‌దైనా.

ఆ ఆరు పనులది మాత్రం వద్దు చెల్లీ. మా చుట్టాలింట్లో ఉంది. గిన్నె నిలబడడానికి పళ్లేనికి మధ్యలో గుంట చేస్తారు, దాంతో పలచటి బోర్డు సమంగా కూర్చోదు. గాజు కూడా లావు, కడగడానికి రెండు చేతులూ చాలవు. మోయడానికి పనికిరాదు, వడ్డించడానికీ అంతంతమాత్రమే.

కృష్ణలంక_ఆడపడుచు:
అందరికీ చాలా థాంక్స్. ఫ్రిజ్ కొలిచాను, అరకీ అరకీ మధ్య 11 అంగుళాలే ఉంది. కాబట్టి గాజుది పట్టదు. క్యారియర్‌కే మొగ్గుతున్నా. కానీ టెన్షన్ అంతా ఎండ గురించే. మధ్యాహ్నం బయల్దేరాలి. మూత గట్టిగా ఉంటే చల్లదనం నిలుస్తుందా?

డాలస్_వదిన:
నిలవదమ్మా. మూత దుమ్మునీ దెబ్బనీ ఆపుతుంది, వేడిని ఆపదు. వెన్న 32 నుంచి 35 డిగ్రీల మధ్య కరిగిపోతుంది, అంతకన్నా ముందే పూలు మెత్తబడి వాలిపోతాయి. మేలో మీ దగ్గర 40 దాటుతుంది. ఇక్కడ ప్రభుత్వం వాళ్లు చెప్పే లెక్క ఏంటంటే, పాడయ్యే పదార్థం ఫ్రిజ్ బయట 2 గంటలకి మించి ఉండకూడదు, వేడి 32 డిగ్రీలు దాటితే 1 గంటే. మధ్యలో తాజా పాల క్రీమ్ పెడితే ఈ లెక్క తప్పకుండా పాటించు. కారులో ఏసీ ముందే వేసి, లోపల చల్లబడ్డాక కేక్ పెట్టు. వీలుంటే పొద్దున్నే బయల్దేరండి, గుంటూరులో ఫ్రిజ్ ఖాళీ చేయించి ఉంచమను.

ఓరుగల్లు_పిల్ల:
కారులో సీటు మీద వద్దక్కా. సీటు వెనక్కి వాలి ఉంటది, కేక్ కూడా అటే జారుతది. ముందు సీటు కింద కాళ్లు పెట్టుకునే చోట సమంగా ఉంటది, లేదంటే డిక్కీ. డిక్కీలోకి ఏసీ గాలి పోదు కాబట్టి మీకు ముందుదే నయం. అరలకి వేసే రబ్బరు జాలీ షీటు క్యారియర్ కింద ఒక ముక్క, క్యారియర్ లోపల బోర్డు కింద ఇంకో ముక్క వేయండి. క్యారియర్ కదలకున్నా లోపల బోర్డు నున్నగా జారుతది, అందరూ మర్చిపోయేది అదే.

కృష్ణలంక_ఆడపడుచు:
బోర్డు లోపల అంత బిగుతుగా ఉంటే అక్కడికెళ్లాక బయటికి తీయడం ఎలా? వేళ్లు పట్టవు కదా. ఫొటోల కోసం గట్టు అక్క చెప్పినట్టు కాలున్న స్టాండ్ మీదే పెడదామనుకుంటున్నా, పిన్ని దగ్గర మూత లేని తెల్లటి పింగాణీది ఉంది.

ఉక్కునగరం_బేకర్:
పిన్నిగారి స్టాండ్ బ్రహ్మాండంగా సరిపోతుంది, గాడి ఉండదు కాబట్టి బోర్డుతోనే పెట్టొచ్చు. మీ క్యారియర్‌లో మూతలా పైకి లేచేది పెద్ద భాగం, అడుగు పళ్లెం లోతు తక్కువ అయితే వేళ్లు పడతాయి. లోతుగా ఉంటే బోర్డు కింద రెండు వెడల్పాటి రిబ్బన్లు అడ్డంగా, నిలువుగా వేసి, కొసలు నాలుగు పక్కలా పైకి వదలండి. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి రెండేసి కొసలు పట్టుకుని ఒకేసారి ఎత్తాలి. ప్రయాణంలో మాత్రం ఆ కొసలు బోర్డు అంచు మీదికి మడిచి ఉంచండి. మూత అంచు కింద పడితే ఆ పక్క క్లిప్పు పూర్తిగా పడదు.