అప్‌డేట్: అమ్మానాన్నలతో రెండు రోజుల వైజాగ్

మోకాళ్ల నొప్పులున్న అమ్మతో రెండు రోజుల్లో వైజాగ్‌లో ఏం చూడొచ్చని పోయిన నెల అడిగాను కదా, వెళ్లొచ్చాం. అరకు ఈసారికి వదిలేయమన్నవాళ్లకు చాలా థాంక్స్, ఆ టెన్షన్ తప్పింది.

ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ చూశాం. 1969 నుంచి 2001 దాకా నేవీలో పనిచేసింది. లోపల దారి బాగా ఇరుకు, గుండ్రటి ద్వారాల్లోంచి వంగి, కాలెత్తి దాటాలి. అమ్మ బయటే కూర్చుంది. సోమవారం సెలవు, చూసుకుని వెళ్లండి. కైలాసగిరికి రోప్‌వేలో వెళ్లాం, బాగుంది.

నాకు బాగా నచ్చింది మాత్రం తొట్లకొండ. భీమిలి రోడ్డులో, కొండ మీద పాత బౌద్ధారామం. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లే ఆ పేరొచ్చిందట. కారు పైదాకా వెళ్తుంది. సాయంత్రం అక్కడి నుంచి సముద్రాన్ని చూస్తూ నాన్న గంటసేపు కదల్లేదు.