రాక్ గిటారిస్టు సినిమా సంగీతానికి వెళ్తే గిటార్ వదిలేసినట్టేనా?

పెన్నాగట్టు (నెల్లూరు): నిన్న మాగుంట లేఅవుట్‌లో టీ తాగుతుంటే మొదలైన వాదన ఇది. రాక్ గిటారిస్టు ట్రెవర్ రేబిన్‌ది దక్షిణాఫ్రికా. యెస్ అనే రాక్ బ్యాండ్‌తో 1983లో 'ఓనర్ ఆఫ్ ఎ లోన్లీ హార్ట్' పాట చేశాడు. మరుసటి ఏడాది మొదట్లో అది అమెరికాలో నంబర్ వన్. 90ల మధ్యలో బ్యాండ్ వదిలి సినిమా నేపథ్య సంగీతానికి వెళ్లాడు. 1998లో ఆర్మగెడాన్, 2000లో రిమెంబర్ ద టైటన్స్. 2008లో ఒబామా గెలిచిన రాత్రి, ప్రసంగం అయ్యాక వినిపించింది ఆ టైటన్స్ సంగీతమే. నేనైతే దీన్ని ఎదుగుదలే అంటాను.

ఒంగోలు డ్రమ్స్: కాదు. 1989 తర్వాత తను పాడిన సోలో ఆల్బమ్ మళ్లీ 2023లో 'రియో'నే. ముప్పై నాలుగేళ్లు! వదిలేయడం కాకపోతే ఏంటిది?

పెన్నాగట్టు: మధ్యలో 2012లో 'జకరాండా' వచ్చింది.

ఒంగోలు డ్రమ్స్: అందులో ఆయన పాడలేదు. "పాడిన" అన్నాను, సరిగ్గా చదువు.

పెన్నాగట్టు: మాట్లాడేది గిటార్ గురించి, గొంతు గురించి కాదు.

కావలి కుర్రోడు: ఇళయరాజా గారు కూడా స్టూడియోల్లో గిటార్ వాయించి వచ్చినవారే కదా?

ఒంగోలు డ్రమ్స్: ఆయనది రాక్ బ్యాండ్ కాదు. ఆ పోలిక ఇక్కడ కుదరదు.

పెన్నాగట్టు: పని తెలియకుండా మాట్లాడొద్దు. హైదరాబాద్‌లో నేను సీరియల్స్‌కి రీరికార్డింగ్ చేస్తా. మధ్యాహ్నం ఎపిసోడ్ వస్తే రాత్రికి మిక్సింగ్‌కి పోవాలి. మొన్న ఒక సీను, తండ్రి ఇంటి కాగితాల మీద సంతకం పెడుతున్నాడు. ముందు డిస్టార్షన్‌తో, అంటే గిటార్ శబ్దం గరగరలాడేలా, వాయించా, డైలాగ్ మొత్తం మింగేసింది. మనిషి గొంతు పలికే చోటే గిటార్ కూడా పలుకుతుంది మరి. అంతా తీసేశా. రెండో తీగ మీద ఒక్క స్వరం లాగి, పెన్ను కాగితం మీంచి లేచేదాకా అలాగే వదిలేశా. ఆరేళ్లు స్టేజి మీద వాయించినా ఆ ఓపిక రాలేదు నాకు. వేళ్ల మీద కాయలు ఇంకా ఉన్నాయి, వచ్చి చూసుకో.

సింగరాయకొండ బాస్: గొడవెందుకబ్బా. రేబిన్ 2016లో ఆ యెస్ బ్యాండ్ పాతవాళ్లు జాన్ ఆండర్సన్, రిక్ వేక్‌మన్‌తోనే కలిసి మళ్లీ స్టేజి ఎక్కాడు.

ఒంగోలు డ్రమ్స్: ఎక్కాడు. పిలిస్తే రాగలిగేటట్టు పోయాడు కాబట్టి ఎక్కాడు. అందరూ అలా పోరు.

కావలి కుర్రోడు: మీరిద్దరూ ముందే తెలుసా?

ఒంగోలు డ్రమ్స్: ఆ ఆరేళ్లూ వెనక డ్రమ్స్ కొట్టింది నేనే. ఒంగోల్లో కాలేజీ ఫంక్షన్. సెట్ బిగించుకుని కూర్చున్నా. ఈయన ఫోన్ చేసి, "హైదరాబాద్ రైల్లో ఉన్నా, పని దొరికింది" అన్నాడు. వెనక స్టేషన్ అనౌన్స్‌మెంట్ వినిపించింది, చీరాల అని. అంటే ఒంగోలు దాటాక చేశాడు. అడ్వాన్స్ నా జేబులోంచి తిరిగిచ్చా.

పెన్నాగట్టు: అమ్మ ఆపరేషన్ ఉండింది. బ్యాండ్‌లో నెలకి ఎంత మిగిలేదో నీకు తెలుసు.

ఒంగోలు డ్రమ్స్: నువ్వు సినిమాకి పోయినా, సీరియల్‌కి పోయినా నాకు కోపం లేదురా. ఒంగోల్లో దిగి ఒక్క మాట చెప్పుంటే, తర్వాతి బండికి నేనే టికెట్ తీసి ఎక్కించేవాణ్ణి.

పెన్నాగట్టు: తెలుసు. అందుకే ఒంగోలు వస్తుందనగానే పై బెర్త్ ఎక్కి, గోడ వైపు తిరిగి పడుకున్నా.