డియెంగ్ దగ్గర ఊర్లో ఆలుగడ్డ చేను కొనొచ్చా? ఆగస్టులో అమ్మానాన్నల్ని తీసుకెళ్లొచ్చా?

జకార్తా_కరీంనగర్
అందరికీ నమస్తే. నా భార్యది జావాలో డియెంగ్ దగ్గర ఊరు, వొనొసొబో జిల్లా వైపు. మా అత్తమ్మ వాళ్ల పక్క చేను అమ్మకానికి వచ్చింది. 2,000 చదరపు మీటర్లు, బాగా ఏటవాలు, ఇప్పుడు ఆలుగడ్డ వేసి ఉంది. సర్టిఫికెట్ లేదు, ఊరి పుస్తకంలో లెటర్ సి, అంటే పాత పన్ను లెక్కల నమోదు, మాత్రమే ఉంది. మా పెళ్లయి నాలుగేళ్లు, ఆస్తి ఒప్పందం ఏమీ రాసుకోలేదు. నా డబ్బుతో తన పేరు మీద కొంటే సరిపోతుందా? ఇంకోటి, ఆగస్టులో అమ్మానాన్న వస్తున్నారు. నాన్నకు 68. దారి, చలి, తిండి ఎలా ఉంటాయి? ఇద్దరూ మాంసం ముట్టరు.

తూర్పుజావా_అనుభవం
అన్నా, ఇంకొకరి పేరు మీద మాత్రం కొనొద్దు. నేను 2015లో మలాంగ్ దగ్గర కొండ ఊర్లో స్నేహితుడి పేరు మీద స్థలం కొని ఇల్లు కట్టాను. నోటరీ దగ్గర అప్పు పత్రం, పవర్ ఆఫ్ అటార్నీ, అన్నీ రాయించుకున్నా. 2021లో అతను పోయాడు. నలభయ్యో రోజు కార్యం అయిపోగానే అతని అన్నలు వచ్చి తాళం మార్చారు. నేను నాటిన అవకాడో చెట్టు ఆ ఏడే మొదటిసారి కాసింది. లాయర్ దగ్గరికి వెళ్తే, మీ ఒప్పందమే చెల్లదు, దాన్ని పట్టుకుని ఏం అడుగుతారు అన్నాడు.

పద్నాలుగేళ్ల_జావా
పత్రం రాయించే పద్ధతి తెలియకపోతే ఇలాగే అవుతుంది. నేను పద్నాలుగేళ్లుగా ఇక్కడే ఉన్నా. నాలుగు చోట్ల నమ్మకస్తుల పేరు మీదే తీసుకున్నా, ఒక్క గొడవ రాలేదు. అప్పు పత్రం, తనఖా, కౌలు ఒప్పందం మూడూ కలిపి రాయించాలి. మనిషిని ఎంచుకోవడంలోనే అంతా ఉంది.

వొనొసొబో_కోడలు
ఇది చదివి ఎవరైనా డబ్బు పెడతారేమోనని నాకు భయంగా ఉందండి. 1960 భూమి చట్టం 21వ అధికరణ ప్రకారం హక్ మిలిక్, అంటే పూర్తి యాజమాన్యం, ఇండోనేషియా పౌరులకే. 26వ అధికరణ ఇంకా గట్టిది. విదేశీయుడికి చేరేలా నేరుగా గానీ చాటుగా గానీ చేసిన బదిలీ మొదటి నుంచే చెల్లదు, భూమి ప్రభుత్వానికి పోతుంది, ఇచ్చిన డబ్బు తిరిగి అడగడానికి వీల్లేదు. మూడు పత్రాలు రాయించినా ముప్పై రాయించినా అంతే.

కరీంనగర్ అన్నా, మీ భార్య పేరు మీద కొనడం వేరే విషయం, కానీ అందులోనూ చిక్కుంది. ఆస్తి ఒప్పందం లేకుండా కొంటే అది ఇద్దరి ఉమ్మడి ఆస్తి అవుతుంది, సగం మీది అన్నట్టు లెక్క. అందుకే చాలామంది నోటరీలు సంతకానికి ఒప్పుకోరు. పెళ్లయ్యాక కూడా ఒప్పందం రాసుకోవచ్చని రాజ్యాంగ న్యాయస్థానం 2016లో చెప్పింది. ముందు అది చేయించండి. ఇంకోటి, ఇది సాగుభూమి. యజమాని ఆ కెచమతాన్‌లోనో (మన మండలం లాంటిది), దాన్ని ఆనుకుని ఉన్న కెచమతాన్‌లోనో కాపురం ఉండాలని 1961 నిబంధన ఉంది. మీ భార్య గుర్తింపు కార్డు జకార్తా చిరునామాతో ఉందా?

పద్నాలుగేళ్ల_జావా
మీరు లాయరా? చట్టం చదివినంత మాత్రాన ఊర్లో పనులు జరగవు.

వొనొసొబో_కోడలు
లాయర్ని కాదు. మా చేను ఆయన పేరు మీదకి మారినప్పుడు లురా, అంటే ఊరి పెద్ద, దగ్గర నుంచి భూమి ఆఫీసు దాకా బిడ్డని చంకలో వేసుకుని నేనే తిరిగాను. ఊర్లో పనులు ఎలా జరుగుతాయో నాకు తెలుసు. మీ నాలుగు చోట్లలో ఏ ఒక్కరైనా పోతే అప్పుడు తెలుస్తుంది, తూర్పుజావా అన్నకి తెలిసినట్టు.

తూర్పుజావా_అనుభవం
మనిషిని ఎంచుకోవడం అంటున్నారు కదా. నా స్నేహితుడు చివరి రోజు దాకా మంచివాడే.

మదనపల్లె_రైతుబిడ్డ
చట్టం సరే, బాగా ఏటవాలు అన్నారు, దాని గురించి ఒక్కరూ మాట్లాడరేం? అక్కడ ఉర్లగడ్డ సాళ్లు కొండ వాలుకి అడ్డంగా కాదు, పైనుంచి కిందికి దున్నుతారు. వాన పడ్డ ప్రతిసారీ నల్లమట్టి సెరాయు నదిలోకి పోతుంది. కింద మ్రిచా జలాశయం పూడిపోతున్నది ఈ మట్టితోనే. నేను వ్యవసాయం చదివి, బాంజర్‌నెగారా వైపు ఆరు నెలలు పనిచేసి చూశాను. కొన్న పదేళ్లకు ఆ చేనులో రాళ్లే మిగులుతాయి.

వొనొసొబో_కోడలు
ఆరు నెలలు చూసి మా మామగారికి సేద్యం నేర్పొద్దు. అడ్డంగా దున్నితే సాళ్లలో నీళ్లు నిలిచి గడ్డ కుళ్లిపోతుంది, ఆకుమాడు తెగులు వస్తుంది. ఒక్క పంట పోతే విత్తనం అప్పు తీరడానికి రెండేళ్లు పడుతుంది. మట్టి పోతున్న సంగతి మాకు తెలియదా? పొద్దున్నే వాగు రంగు చూసేది మేమే.

మదనపల్లె_రైతుబిడ్డ
రైతుని తప్పుపట్టలేదక్కా. కొనేవాడికి చెప్తున్నా. పూర్తిగా అడ్డంగా కాకుండా కాస్త ఏటవాలుగా సాళ్లు తీసి, గట్ల మీద కొండబొప్పాయి, అదే కారికా, పెడితే మట్టి కొంత ఆగుతుంది.

వొనొసొబో_కోడలు
కారికా మా గట్ల మీద ముందు నుంచే ఉంది. కానీ గడ్డకి వచ్చినంత డబ్బు దానికి రాదు.

బాతూర్_వైపు
భూమి కొనే ముందు ఆ చోటు గురించి కూడా అడగండి. 1979 ఫిబ్రవరిలో సినిలా అనే అగ్నిపర్వత బిలం దగ్గర భూమిలోంచి విషవాయువు వచ్చి 149 మంది చనిపోయారు. కార్బన్ డయాక్సైడ్ గాలి కంటే బరువు కాబట్టి పల్లంలోకి దిగి అక్కడే నిలుస్తుంది. తెల్లవారుజామున భయపడి పారిపోతున్నవాళ్లు దారిలోనే పడిపోయారు. ఇక్కడి ముసలివాళ్లు ఇప్పటికీ ఆ పల్లం పేరెత్తితే గొంతు తగ్గిస్తారు. చేను ఏ బిలానికి ఎంత దూరమో ఊరివాళ్లనే అడగండి.

భక్తి_యాత్రలు
అర్జున, భీమ, ఘటోత్కచ ఆలయాలు ఉన్నది అక్కడే కదా? పాండవులు అజ్ఞాతవాసంలో కట్టించారని మా యాత్రా బృందంలో చెప్పారు.

మదనపల్లె_రైతుబిడ్డ
కాదండి. అవి ఎనిమిది, తొమ్మిది శతాబ్దాల నాటి శివాలయాలు. పాండవుల పేర్లు తర్వాతి కాలంలో ఊరివాళ్లు పెట్టుకున్నవి.

భక్తి_యాత్రలు
ఎవరు కట్టినా మా అమ్మ అక్కడ దండం పెట్టుకుని ఏడ్చేసింది. సముద్రాల అవతల శివుడి గుడి ముందు నిలబడ్డానని ఊరికి వచ్చాక అందరికీ చెప్పింది.

సెమరాంగ్_అమ్మాయి
పెద్దవాళ్ల సంగతి అందరూ వదిలేశారు, అందుకే నేను రాస్తున్నా. జకార్తా నుంచి పుర్వొకెర్తో దాకా రైలు, అక్కడి నుంచి కారు మాట్లాడుకోండి. వొనొసొబో నుంచి డియెంగ్ 26 కిలోమీటర్లు, మొత్తం ఘాటే. చిన్న బస్సులున్నాయి గానీ, మోకాళ్ల నొప్పులుంటే వద్దు. ఆ ఊళ్లు 2,000 మీటర్ల పైన ఉంటాయి. జులై, ఆగస్టుల్లో కొన్ని రోజులు తెల్లారేసరికి గడ్డి మీద మంచు పేరుకుని ఉంటుంది. దాన్ని ఎంబున్ ఉపాస్ అంటారు. ఉపాస్ అంటే విషం, ఎందుకంటే అది పడితే ఆలుగడ్డ ఆకు మాడిపోతుంది. లంబసింగి చూశాం కదా అనుకుని పల్చటి స్వెటర్లతో రావద్దు.

ఆగస్టులో డియెంగ్ ఉత్సవం జరిగితే గదులు దొరకవు. జడలు కట్టిన పిల్లలకి జుట్టు తీసే తంతు అప్పుడే చేస్తారు. ఆ పిల్ల ఏది అడిగితే అది తెచ్చి ఇచ్చాకే కత్తెర పెడతారు. మన పుట్టువెంట్రుకల సంగతి తెలిసిన పెద్దవాళ్లకి అది చూస్తే చాలా నచ్చుతుంది.

తిండికి టెన్షన్ వద్దు. టెంపె కెముల్ దొరుకుతుంది, పులియబెట్టిన సోయా ముక్కల్ని మన బజ్జీలాగే పిండిలో ముంచి వేయిస్తారు. 'మీ ఒంగ్లోక్' అనే నూడుల్స్ తినే ముందు మాత్రం అడగండి. పక్కన బీఫ్ పెడతారు, పులుసులో ఎండు రొయ్యలు కూడా ఉండొచ్చు. పచ్చళ్లలో తెరాసి అనే రొయ్యముద్ద కలుపుతారు.

జకార్తా_కరీంనగర్
అందరికీ థాంక్స్. గొడవ పడ్డవాళ్లకి కూడా. భార్య కార్డు జకార్తాదే. రాత్రి అత్తమ్మకి ఫోన్ చేశా. లెటర్ సి లో ఇప్పటికీ అమ్మేవాళ్ల తాత పేరే ఉందట. ఆయనకి ముగ్గురు కొడుకులు. ఇప్పుడు బేరం చేస్తున్నది ఒక్కరే.

వొనొసొబో_కోడలు
అయితే బయానా ఇవ్వొద్దు. మిగతా ఇద్దరి పిల్లలూ ఊర్లోనే ఉన్నారా? ప్రభుత్వం జనాన్ని వేరే దీవులకి తరలించిన ట్రాన్స్‌మిగ్రేషన్ రోజుల్లో మా వైపు నుంచి చాలా ఇళ్లు సుమత్రాకి వెళ్లిపోయాయి. అలా వెళ్లిన ఒక్కరి సంతకం కోసం మేము ఏడాదిన్నర ఆగాల్సి వచ్చింది. ముందు వాళ్లెక్కడున్నారో అత్తమ్మగారిని కనుక్కోమనండి. ఆవిడకి తెలియకపోతే ఊరి మసీదు దగ్గర పెద్దవాళ్లకి తెలుస్తుంది.