స్లాబు వేడికి విరుగుడు: డాబా పైన కప్పాలా, లోపల సీలింగ్ వేయాలా?

పలాస వాసి:
2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుఫానుకు మా తాటాకు ఇల్లు ఎగిరిపోయాక స్లాబు వేసుకున్నాము. గాలివాన భయం తీరింది గాని, మే నెలలో రాత్రి పదకొండు దాటినా ఫ్యాను కింద వేడి గాలే తగులుతోంది. లోపల థర్మోకోల్ సీలింగ్ వేయిస్తే చాలని కొందరు, డాబా పైనే ఏదైనా కప్పాలని మరికొందరు అంటున్నారు. ఏది సరైనదో కారణంతో సహా చెప్పగలరని మనవి.

సైన్సు మాస్టారు, శ్రీకాకుళం:
పైన కప్పడమే సరైనదని నా గట్టి అభిప్రాయం. తాటాకు ఇంటి చల్లదనమంతా ఆకు పొరల మధ్య కదలకుండా చిక్కుకున్న గాలిలో ఉంది. అలాంటి గాలి ఉష్ణవాహకత (వేడిని తన గుండా పోనిచ్చే గుణం) సుమారు 0.026 అయితే, అదే కొలమానంలో కాంక్రీటుది దాదాపు 1.5. అయితే అసలు చిక్కు స్లాబు దాచుకునే వేడితోనే వస్తుంది. ఐదంగుళాల స్లాబు చదరపు మీటరుకు 300 కిలోల బరువుంటుంది. అది ఎండకు పది డిగ్రీలు వేడెక్కిందంటే, ఒక కిలోవాటు హీటరు ముప్పావు గంట సేపు ఇచ్చేంత వేడి ఆ ఒక్క చదరపు మీటరులోనే చేరిందన్నమాట. రాత్రి పదకొండింటికి మీకు తగులుతున్నది ఆ మధ్యాహ్నపు ఎండే. కింద సీలింగ్ వేసినా స్లాబు మునుపటిలాగే కాగుతుంది. పైన కప్పితే ఎండ దాని దాకా చేరదు.

బొబ్బిలి మేస్త్రి:
మాస్టారు గారి లెక్కను నేను కాదనను. కాని డాబా మీద గడ్డీ ఆకులూ పరిస్తే మన వానలకు నిలవవు. తడిసిన పొరలో గాలి ఉన్న చోటికి నీరు చేరుతుంది, నీరు గాలికన్నా ఇరవై రెట్లకు పైగా వేడిని మోస్తుంది. ఆ చెమ్మ స్లాబులోకి దిగితే లోపలి ఇనుము తుప్పు పట్టి పెచ్చులూడడం నేను చాలా ఇళ్లలో చూశాను. సీలింగుకు ఆ బెడద లేదు.

సైన్సు మాస్టారు, శ్రీకాకుళం:
మేస్త్రి గారూ, చెమ్మ గురించి మీరు చెప్పింది నిజం, అందుకే నేను ఆకులు పరచమనను. ముందు నీరు దిగని పూత, దానిపై నీరు పీల్చని గట్టి ఫోము పలకలు, ఆపైన వాలుగా సిమెంటు, చివర తెల్ల టైల్సు వేయాలి. అంత ఖర్చు పెట్టలేనివారు ఏటా వేసవికి ముందు తెల్లసున్నం కొట్టించినా ఎండలో పెద్ద భాగం తిరిగిపోతుంది. సీలింగే వేయక తప్పదంటే, దాని పైముఖాన మెరిసే అల్యూమినియం రేకు అంటించండి. వేడి గాలి పైనే ఉండిపోతుంది కనుక, స్లాబుకూ సీలింగుకూ మధ్యనున్న సందులో వేడి ఎక్కువగా వికిరణంగానే, అంటే కిరణాల రూపంలోనే దిగుతుంది. అల్యూమినియం గొప్ప ఉష్ణవాహకమే అయినా, మెరిసే దాని ముఖం ఆ వికిరణాన్ని చాలావరకు వెనక్కి పంపేస్తుంది.

బొబ్బిలి మేస్త్రి:
ఫోము పలకలైతే నాకూ సమ్మతమే. అయితే అతుకుల దగ్గర సందు లేకుండా పరిపించి, పిట్టగోడ మొదట్లో కూడా జానెడు ఎత్తు వరకు పలక నిలబెట్టించండి. ఆ అంచు వదిలేస్తే వేడి గోడ గుండా స్లాబులోకే దిగుతుంది.