అంబత్తూరులో చిన్న యూనిట్: మరో అప్పు తేవాలా, యంత్రం అమ్మేయాలా?

అంబత్తూరు యూనిట్:
అందరికీ నమస్కారం. మాది ప్రకాశం జిల్లా, చాలా ఏళ్లుగా చెన్నైలోనే ఉంటున్నాం. అంబత్తూరు ఎస్టేట్‌లో అద్దె షెడ్డు, రెండు సీఎన్‌సీ లేత్‌లు (కంప్యూటరుతో నడిచేవి), ఒక వీఎంసీ (కంప్యూటరుతో నడిచే మిల్లింగ్ యంత్రం), ఏడుగురు పనివాళ్లు. ఇనుము మేమే కొని బుష్‌లు, పిన్నులు, ఫ్లాంజ్‌లు చేసి ఇస్తాం. నెలకు సుమారు 9 లక్షల బిల్లులు అవుతాయి. అందులో ఆరున్నర లక్షలు ఒక్క పార్టీవే, అంటే మా దగ్గర సరుకు కొనే ఒక్క కంపెనీవే. ఆ పార్టీ ఒకప్పుడు రెండు నెలలకు డబ్బు ఇచ్చేది. ఇప్పుడు నాలుగు నెలలు పడుతోంది. 26 లక్షలు అక్కడే ఆగిపోయాయి.

బ్యాంకులో 20 లక్షల సీసీ (క్యాష్ క్రెడిట్, రోజువారీ ఖర్చులకు వాడుకునే అప్పు పరిమితి) నిండిపోయింది, దాని వడ్డీ నెలకు 18 వేలు. వీఎంసీ కంతు 48 వేలు. పోయిన నెల ఆ కంతు గడువు దాటాకే కట్టగలిగాను. ఇనుము, జీతాలు, కరెంటు, అద్దె పోను నూటికి పన్నెండు రూపాయలు మిగులుతాయి. వడ్డీలు, కంతులు అందులోంచే కట్టాలి.

ఒక ఫైనాన్స్ సంస్థ నూటికి రెండు రూపాయల వడ్డీ మీద, మూడేళ్ల గడువుతో 12 లక్షలు ఇస్తానంటోంది. మా బావ తీసుకోమంటున్నాడు. మా ఆవిడ మాత్రం వీఎంసీ అమ్మేసి లేత్‌లతోనే నడుపుకుందామంటోంది. అమ్మితే దాని బాకీ పోను ఐదారు లక్షలు చేతికి రావచ్చు. ఈ రంగం తెలిసినవాళ్లు ఏది మేలో చెప్పండి.

గిండీ షెడ్డు:
తమ్ముడూ, యంత్రం మాత్రం అమ్మకు. వీఎంసీ పోతే నీ దగ్గర లేత్ మీద చేసే టర్నింగ్ పని ఒక్కటే మిగులుతుంది. ఆ పని చేసే షెడ్లు నీ వీధిలోనే ఎన్ని ఉన్నాయో నీకు తెలుసు. గంట రేటులో పది రూపాయలు తగ్గించేవాడు ఎప్పుడూ ఉంటాడు. దానికి తోడు యంత్రాన్ని పనికి అమర్చే నీ సెట్టర్ వెళ్లిపోతాడు. మంచి సెట్టర్ మళ్లీ దొరకడం యంత్రం దొరకడం కంటే కష్టం.

కరోనా ఏడాదిలో నేనూ అప్పు చేసే నిలబడ్డాను. 2020లో కేంద్రం హామీతో ఇచ్చిన అత్యవసర రుణం తీసుకుని జీతాలు ఇచ్చాను, ఒక్క యంత్రమూ అమ్మలేదు. పని తిరిగి వచ్చినప్పుడు చేయడానికి మనుషులూ యంత్రాలూ నా దగ్గర ఉన్నాయి, అమ్ముకున్నవాళ్ల దగ్గర లేవు. చేతిలో ఆర్డర్లు ఉన్నవాడు అప్పుకు భయపడకూడదు.

లెక్కల అక్క:
నేను చిన్న యూనిట్లకు పద్దులు రాస్తాను. గిండీ అన్నగారు సెట్టర్ గురించి చెప్పింది నిజం. అప్పు గురించి చెప్పింది మాత్రం ఈ తమ్ముడికి వర్తించదు. 2020 నాటి ఆ రుణానికి బ్యాంకులు 9.25 శాతం మించి వడ్డీ వేయకూడదు, మొదటి ఏడాది అసలు కట్టనక్కరలేదు, హామీ కేంద్రానిది. ఇక్కడ ఏడాదికి 24 శాతం. ఈ రెంటినీ ఒకే అప్పుగా చూడకండి.

అంకెలు చూద్దాం. 9 లక్షల మీద నూటికి పన్నెండు అంటే 1,08,000. కంతు 48 వేలు, సీసీ వడ్డీ 18 వేలు తీస్తే ఇంటికి 42 వేలు మిగులుతాయి. కొత్త అప్పు వడ్డీ తగ్గుతున్న బాకీ మీద వేసినా నెలకు సుమారు 47 వేలు కట్టాలి. మొదటి అసలు మీదే మూడేళ్లూ వేస్తే 57 వేలు దాటుతుంది. ఏది అన్నది సంతకానికి ముందు కాగితం మీద రాయించుకోవాలి. రెండింటిలో ఏదైనా ఇంటికి మిగిలే 42 వేలకు మించిపోయింది. అంటే మొదటి నెల నుంచే బియ్యం కొనడానికి కూడా అప్పు చేయాలి.

అసలు సంగతి ఇంకొకటి ఉంది. ఆ పార్టీ నాలుగు నెలలకు బదులు 45 రోజులకు ఇస్తే అక్కడ ఆగే సొమ్ము పదిలక్షల లోపే. అంటే 16 లక్షల పైచిలుకు మీ చేతికి వస్తుంది. మీరు వడ్డీకి తెద్దామనుకుంటున్న 12 లక్షల కంటే ఎక్కువ సొమ్ము, మీ సొంతది, వడ్డీ లేకుండా ఆ పార్టీ వాడుకుంటోంది. యంత్రం అమ్మినా ఇదే తీరు. ఐదారు లక్షలు ఒక నెల ఖర్చులకు కూడా చాలవు, తర్వాత మళ్లీ ఇదే స్థితికి వస్తారు. బావగారూ మీ ఆవిడగారూ వాదించుకోవాల్సింది ఆ పార్టీ గురించి.

జీఎస్టీ మాటేమిటి? బిల్లు వేసిన మరుసటి నెల 20వ తేదీకి, డబ్బు వచ్చినా రాకపోయినా, ఇనుము మీద కట్టిన పన్ను పోను మిగిలింది మీరు కట్టేస్తున్నారు. ఆ పార్టీ మాత్రం మీ బిల్లు మీద పన్ను జమ వెంటనే తీసుకుంటుంది, అంటే ఆ పన్నును తాను కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకుంటుంది. ఆ భారం కూడా మీ మీదే ఉంది.

కొరట్టూరు:
అక్కా, లెక్క బాగుంది. కానీ ఆ పార్టీ ఇవ్వకపోతే ఏం చేస్తారు? ఆరున్నర లక్షల పని ఇచ్చేవాడిని గట్టిగా అడిగితే మరునాడే ఆ డ్రాయింగులు పక్క షెడ్డుకు వెళ్తాయి. 2024లో చిన్న సరఫరాదారులకు గడువులోగా చెల్లించాలన్న పన్ను నిబంధన వచ్చినప్పుడు మా పార్టీ నన్ను ఉద్యమ్ నమోదు (చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదు) రద్దు చేసుకోమంది. చేసుకోలేదు, ఆర్డరు సగమైంది. చట్టం మనవైపే ఉంది, పని మాత్రం వాళ్ల చేతిలో ఉంది.

లెక్కల అక్క:
కొరట్టూరుగారు పడ్డ బాధ నాకు తెలుసు. అందుకే మొదటి రోజే ఫిర్యాదు పెట్టమని నేను అనను. ముందు లేఖ రాయాలి, అదీ ఆ సంస్థ కొనుగోలు విభాగానికి కాదు, అకౌంట్స్ విభాగానికి. సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచి కొన్నప్పుడు, రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులకు మించిన గడువు 2006 ఎంఎస్‌ఎంఈడీ చట్టం కింద చెల్లదు. ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే ‘బ్యాంకు రేటు’కు మూడు రెట్లు, నెల నెలా చక్రవడ్డీ. పైగా కొరట్టూరుగారు చెప్పిన ఆ పన్ను నిబంధన, 43బి(హెచ్)గా వచ్చినది, దాని ప్రకారం గడువు దాటిన బాకీని ఆ సంస్థ నిజంగా చెల్లించిన ఏడాదిలోనే ఖర్చుగా చూపగలదు. మార్చి 31న బాకీ నిలిచి ఉంటే వాళ్ల పన్ను పెరుగుతుంది. బిల్లు తేదీ నుంచి 180 రోజులు దాటితే తీసుకున్న జీఎస్టీ జమ కూడా వడ్డీతో వెనక్కి కట్టాలి. కొనుగోలు మేనేజరుకు ఇవేవీ పట్టవు. వాళ్ల ఆడిటరుకు పడతాయి.

అంబత్తూరు యూనిట్:
ఉద్యమ్ నమోదు ఉంది అక్కా, కానీ బిల్లు మీద ఆ నంబరు వేయడం లేదు.

లెక్కల అక్క:
ఈరోజు నుంచే వేయండి.

కొరట్టూరు:
లేఖకూ కదలకపోతే చిన్న పరిశ్రమల బకాయిల మీద ప్రభుత్వానికి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టడమే దారి. దాని గురించి ఆశ పెంచుకోవద్దు. 90 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉంది, నా కేసు అంతకు చాలా ఎక్కువ కాలం సాగింది. చివరికి రాజీ దశలో అసలు కంతులుగా వచ్చింది, వడ్డీ వదులుకున్నాను. ఆ పార్టీతో పని అక్కడితో ముగిసింది. అందుకే మరో రెండు పార్టీలు కుదిరేదాకా ఆ మెట్టు ఎక్కవద్దని నా గట్టి అభిప్రాయం.

విశ్రాంత మేనేజరు:
నేను ప్రభుత్వ రంగ బ్యాంకులో రుణ విభాగంలో పనిచేశాను. పోయిన నెల కంతు ఆలస్యమైందన్న ఆ ఒక్క వాక్యం దగ్గర ఎవరూ ఆగలేదు. 30 రోజుల లోపు ఆలస్యమైతే ఖాతా ఒక మెట్టు దిగుతుంది, 60 దాటితే మూడో మెట్టు, 90 దాటితే మొండి బాకీ. అక్కడికి చేరాక బయటపడటం చాలా కష్టం.

ఇబ్బందుల్లో ఉన్న చిన్న పరిశ్రమల కోసం రిజర్వు బ్యాంకు 2016 మార్చి 17న ఒక నియమావళి ఇచ్చింది. 25 కోట్ల వరకు రుణాలున్నవారికి అది వర్తిస్తుంది. వ్యాపారం దెబ్బతింటుందని భయం ఉన్నప్పుడు యజమానే బ్యాంకుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. పది లక్షలు దాటిన రుణాలను బ్యాంకు కమిటీ చూస్తుంది. చిన్న సర్దుబాట్లతో ఖాతాను గాడిన పెట్టడం, కంతుల గడువు మార్చడం, రెండూ కుదరకపోతే వసూలు, ఈ మూడే దారులు. 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు ఈ నియమావళి బ్యాంకులకు తప్పనిసరి అంటూనే, తాము ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమ) అని కాగితాలతో సకాలంలో తెలియజేయాల్సింది రుణం తీసుకున్నవారేనని చెప్పింది. బాబూ, బ్రాంచికి ముందుగా వెళ్లండి. మాట చెప్పి రావడం కాదు, దరఖాస్తు ఇచ్చి ముద్ర వేయించుకోండి. కంతుల గడువు మార్పు మీ రుణ చరిత్రలో నమోదవుతుంది కాబట్టి మొదటి దారినే గట్టిగా అడగండి.

ఇంకొకటి. 90 రోజులు దాటిన బాకీలను బ్యాంకులు సాధారణంగా సీసీ లెక్కలోకి తీసుకోవు. ఆ పార్టీ ఆలస్యం మీ పరిమితిని కూడా తినేస్తోంది. ఇక వీఎంసీ బ్యాంకుకు తనఖాలో ఉంటుంది కనుక అనుమతి పత్రం లేకుండా అమ్మడానికి వీల్లేదు.

గిండీ షెడ్డు:
24 శాతం వడ్డీ గురించి అక్క చెప్పింది ఒప్పుకుంటాను, ఆ అప్పు వద్దు. యంత్రం విషయంలో మాత్రం నా మాట మార్చుకోను. వీఎంసీలో ఖాళీగా ఉన్న షిఫ్టును శ్రీపెరుంబుదూరు వైపు పార్టీలకు జాబ్ వర్క్‌గా ఇవ్వు. ఇనుము వాళ్లదే కనుక నీ రొక్కం ఇరుక్కోదు. రేటు తక్కువైనా సరే, వారానికో బిల్లు వస్తుంది.

అంబత్తూరు యూనిట్:
అందరికీ ధన్యవాదాలు. ఫైనాన్స్ సంస్థకు ఈ సాయంత్రమే వద్దని చెబుతాను. సోమవారం బ్రాంచికి దరఖాస్తుతో వెళ్తాను, పార్టీ అకౌంట్స్‌కు లేఖ పంపిస్తాను. జాబ్ వర్క్ కోసం ఇద్దరితో మాట్లాడుతున్నాను. వీఎంసీ సంగతి మా ఆవిడతో ఇంకా తేలలేదు, మూడు నెలలు గడువు అడిగాను.

లెక్కల అక్క:
లేఖలో ప్రతి బిల్లు నంబరు, తేదీ, సరుకు అందుకున్నట్టు వాళ్లు సంతకం చేసిన చలాను తేదీ రాయండి. సరుకు తీసుకున్న తేదీ నుంచే గడువు లెక్క. ఫైనాన్స్ సంస్థకు ముందుగా సంతకం చేసిన చెక్కులు ఏవైనా ఇచ్చి ఉంటే, వద్దని చెప్పే ముందు అవి వెనక్కి తీసుకోండి.