పాత దస్తావేజుల్లో కరణం, మునసబు, నీరుగంటి ఎవరు?

ప్రశ్న: మా తాతగారి భూమి దస్తావేజుల్లో కరణం, మునసబు, తలారి, నీరుగంటి అనే పేర్లు తరచుగా కనిపిస్తున్నాయి. వీరు చేసిన పనులేమిటో పెద్దలు వివరించగలరు.

జవాబు: కరణం గ్రామ లెక్కలు వ్రాసేవారు, మునసబు శిస్తు వసూలు చేసేవారు, తలారి ఊరి కావలి. తెలంగాణలో కరణాన్ని పట్వారీ అనేవారు. వంశపారంపర్యమైన కరణం, మునసబు పదవులను 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం రద్దు చేసింది.

మరో జవాబు: నీరుగంటి సంగతి మిగిలిపోయిందండీ. చెరువు తూము తెరిచి మూస్తూ, పై పొలం వారు కింది పొలానికి చేరవలసిన నీటిని మళ్లించుకోకుండా కాలువ వెంట కాపు కాస్తూ, ఆయకట్టులోని ప్రతి మడికీ వంతు ప్రకారం నీరు పారించే మనిషి ఆయన. కోతలయ్యాక కళ్లంలో రైతులు కొలిచి ఇచ్చే మేరే (ధాన్యపు వాటాయే) ఆయన ఆదాయం. కొన్ని ఊళ్లలో మాన్యం, అంటే ఆ పనికి ప్రతిఫలంగా ఇచ్చిన భూమి, కూడా ఉండేది. నా దృష్టిలో కరణం కంటే ఆయనే ముఖ్యుడు.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. మా పొలానికి తూర్పు హద్దుగా వ్రాసిన ‘నీరుగంటి మాన్యం’ అదే అయి ఉంటుంది.